ఆదివారం సైకిలు, సాయంత్రం అల్లం సోడా: సంసారం మధ్య రెండు హాబీలు నడుపుకునే పద్ధతి

తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని చదివించుకుంటూ, ఇంట్లో పెద్దవాళ్లను చూసుకుంటూ కూడా రెండు హాబీలు పెట్టుకోవచ్చు. అయితే రెండూ గంటలు గంటలు మింగేవైతే కొన్నాళ్లకు ఒకటి అటకెక్కుతుంది, లేదంటే ఇంట్లో మాటామాటా మొదలవుతుంది. అందుకే జత కుదిరేవి ఎంచుకోవాలి. రోడ్డు సైక్లింగ్‌కు ఒంట్లో ఓపిక, పొద్దున పూట రెండు మూడు గంటలు కావాలి. ఇంట్లో పానీయాలు పులియబెట్టడానికి చేతిపని పావుగంట, ఆ తర్వాత ఎదురుచూడటం. ఒకటి మీరు బయటికి వెళ్లి చేసేది, ఇంకొకటి మీరు లేనప్పుడు తనంతట తాను జరిగిపోయేది. ఈ రెంటినీ ఒకే వారంలో ఇమిడ్చే పద్ధతి చెప్తాను.

ముందు చట్టం సంగతి. హోంబ్రూయింగ్, అంటే ఇంట్లోనే పానీయాలు పులియబెట్టుకోవడం, అనగానే చాలామందికి బీరు గుర్తొస్తుంది. బ్రిటన్‌లో 1963 నుంచి, అమెరికాలో 1978 నాటి చట్టం వచ్చాక, జనం ఇంటి వాడకానికి బార్లీ మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), హాప్స్ (బీరుకు చేదిచ్చే పువ్వులు) తెచ్చుకుని బీరు కాచుకుంటున్నారు. మన దగ్గర లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం కింద నేరం. సామాను ఆన్‌లైన్లో దొరుకుతోంది కదా అని తెప్పించుకుని ఇంటిమీదికి తెచ్చుకోకండి. పైగా ఏల్ అనే మామూలు రకం బీరు కుదురుగా పులియడానికి 20 డిగ్రీలకు అటూ ఇటూ చల్లదనం కావాలి. మన వంటింట్లో ఏడాదిలో ఎక్కువ రోజులు 30 దాటే ఉంటుంది. ఆ వేడికి సరిపోయేవే మనం చేద్దాం: అల్లం సోడా, రాగి అంబలి. పులుపు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆపాలో కనిపెట్టడంలో ఉన్న ఆనందం వీటిలోనూ అంతే ఉంటుంది.

ముందు ఇంటి టైము చూడండి

సైకిలు కొనడానికి ముందు ఒక కాగితం తీసుకోండి. వారంలో ఏ గంటల్లో మీరు ఇంట్లో ఉండి తీరాలో రాయండి. స్కూలు వ్యాను వచ్చే వేళ, కొళాయి నీళ్లు వచ్చే వేళ, పెద్దాయన మందుల వేళ, ఆదివారం మాంసం అంగడికి పోవాల్సిన వేళ. ఇవన్నీ పోగా మిగిలిన ఖాళీలే మీవి. చాలా ఇళ్లలో అవి రెండు కనిపిస్తాయి: ఆదివారం తెల్లవారుజాము ఒకటి, వారం మధ్యలో ఏదో ఒక పొద్దున గంటసేపు ఇంకొకటి. అంతే చాలు. వారానికి ఒక పెద్ద రైడు, ఒక చిన్న రైడు చేసేవాళ్లు ఏళ్ల తరబడి చేస్తారు. రోజూ తొక్కుతానని మొదలుపెట్టినవాళ్లు వర్షాకాలం వచ్చేసరికి మానేస్తారు.

ఇంట్లో చెప్పేటప్పుడు బయల్దేరే టైము కన్నా తిరిగొచ్చే టైము చెప్పండి. ఎనిమిదికి వస్తానంటే ఎనిమిదికి మీరు గుమ్మంలో ఉండాలి. దానికి తేలికైన ఉపాయం ఉంది. ఎంత దూరం పోవాలి అని ఊళ్లను చూసుకోకుండా, ఎన్నింటికి వెనక్కి తిరగాలి అని గడియారం చూసుకోండి. అయిదుంపావుకు బయల్దేరి ఎనిమిదికి ఇల్లు చేరాలంటే ఆరున్నరకు ఎక్కడున్నా సైకిలు తిప్పేయాలి. గుడి గోపురం ఎదురుగా కనబడుతున్నా సరే. మిగిలే పావుగంట పంక్చరుకు.

ఇంకో మాట, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది ఇదే. మీరు బయట గడిపిన ఆ రెండు మూడు గంటలు ఇంట్లో ఇంకెవరో మోశారు. వాళ్లకూ అన్ని గంటలు అదే వారంలో ఇవ్వండి. ఇస్తే పూర్తిగా ఇవ్వండి: వంట, పిల్లల హోంవర్కు, వచ్చిన చుట్టాలు, అన్నీ మీవే. "గ్యాసు ఎక్కడ కట్టాలి, పప్పు డబ్బా ఏది" అని ఫోన్ చేయకూడదు. ఆవిడ నిద్రపోతుందో, కోనేటి కట్ట దాకా నడిచొస్తుందో, స్నేహితురాలింటికి పోతుందో ఆవిడ ఇష్టం. ఇంట్లో తొక్కేది ఆవిడైతే ఇదే లెక్క ఆయనకు. ఈ ఒప్పందం కుదరని ఇంట్లో ఎంత ఖరీదైన సైకిలున్నా గోడకు ఆనుకునే ఉంటుంది.

సైకిలు ఎంచుకోవడం, ఒంటికి సరిచేసుకోవడం

వంపు హ్యాండిలున్న రోడ్డు బైకే కావాలని లేదు. తిరుపతి చుట్టుపక్కల రోడ్లకు, మొదటి ఏడాదికి, వంపు లేని తిన్నటి హ్యాండిలున్న హైబ్రిడ్ సైకిలు చక్కగా సరిపోతుంది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులో స్ప్రింగు సస్పెన్షన్ లేనిది చూడండి. తారు రోడ్డు మీద అది బరువే తప్ప పనికిరాదు. టైరు వెడల్పు 28 నుంచి 35 మిల్లీమీటర్ల మధ్య ఉంటే రోడ్డు మీద పరుగూ ఉంటుంది, పల్లెదారి గుంతలనూ తట్టుకుంటుంది. బట్టలకు ముందు హెల్మెట్టు, వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు కొనండి.

ఫ్రేము సైజు మీ పొడుగుకు సరిపోవాలి. అంగట్లో ఉన్న సైజే "ఇదే సరిపోద్ది సార్" అంటే నమ్మకండి, ఎక్కి తొక్కి చూడండి. ఇంటికి తెచ్చాక గోడకు ఒక చెయ్యి ఆనించి సీటెక్కండి. పెడల్ బాగా కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ పెట్టండి. కాలు నిటారుగా చాచితే మడమ అప్పుడే తగిలేట్టుంటే సీటు ఎత్తు సరిపోయినట్టు. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అదే కావాలి. కొన్ని రైడ్ల తర్వాత మోకాలి ముందువైపు నొప్పి వస్తే సీటు కిందికి ఉన్నట్టు, వెనకవైపు లాగితే మరీ పైకి ఉన్నట్టు. ఒక్కసారికి అర సెంటీమీటరు మించి మార్చకండి.

గాలి విషయంలో జాగ్రత్త. 70 కిలోల మనిషికి 28 మిల్లీమీటర్ల టైరులో 70 నుంచి 80 పీఎస్ఐ (పంపు మీటరు మీద కనిపించే గాలి ఒత్తిడి కొలత), 32 వాటిలో 55 నుంచి 65 దాకా ఉంటే హాయిగా ఉంటుంది. టైరు పక్కన అచ్చేసిన పై పరిమితి దాటకూడదు. రోడ్డు బైకులకు సన్నమూతి ప్రెస్టా వాల్వు ఉంటుంది, దానికి మన పంక్చరు అంగళ్లలోని గొట్టం పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టరు ఒకటి ఎప్పుడూ సంచిలో ఉంచుకోండి. ఇంట్లో మీటరున్న నిలువు పంపు కొనుక్కుంటే ఆ బాధే లేదు.

పంక్చరు వరండాలోనే నేర్చుకోండి

మన రోడ్ల పక్కన సర్కారు తుమ్మ విపరీతం. కొమ్మలు కొట్టినచోట ముళ్లు తారు మీదికి వస్తాయి. కాబట్టి పంక్చరు వస్తుందా రాదా అనే ప్రశ్నే లేదు. ఒక ట్యూబు, టైరు అంచు ఎత్తే రెండు ప్లాస్టిక్ లివర్లు, చిన్న పంపు, ప్యాచీలు సీటు కింద సంచిలో పెట్టుకోండి. కానీ మొదటిసారి ఆ పని రేణిగుంట రోడ్డు పక్కన లారీల గాలిలో చేయకూడదు. ఇంట్లో, వరండాలో, పిల్లలు చుట్టూ కూర్చుని చూస్తుండగా చేయండి.

వెనక చక్రమైతే ముందు చైనును అన్నిటికన్నా చిన్న పళ్లచక్రం మీదికి తెచ్చి, అప్పుడు చక్రం విప్పండి. మిగిలిన గాలి పూర్తిగా తీసేయండి. వాల్వుకు ఎదురుగా ఉన్న వైపు టైరు అంచు కిందికి ఒక లివరు దూర్చి ఎత్తండి, నాలుగు వేళ్ల దూరంలో రెండోది దూర్చి జరుపుకుంటూ పొండి. ఒక వైపు అంచు మొత్తం బయటికి వచ్చాక ట్యూబు లాగేయండి.

ఇప్పుడు తొందరపడకండి. చాలామంది ఇక్కడే కొత్త ట్యూబు వేసేస్తారు, ఫర్లాంగు పోకముందే అదీ దిగిపోతుంది. పాత ట్యూబులో కొంచెం గాలి కొట్టి చెవి దగ్గర పెట్టుకుని తిప్పితే బుస్సుమనే చోటు తెలుస్తుంది. ఆ చోటును టైరుతో పోల్చి చూసుకుంటే ముల్లు ఎక్కడుందో ఇంచుమించుగా దొరుకుతుంది. తుమ్మముల్లు పైన విరిగి, మొన మాత్రం రబ్బరులో దాక్కుని ఉంటుంది. బయటినుంచి చూస్తే చిన్న నల్లచుక్కలా ఉంటుంది, అంతే. పాత చేతిరుమాలు ఒకటి టైరు లోపలివైపు చుట్టూ మెల్లగా తిప్పండి. మొన ఉన్నచోట నూలుపోగు పట్టుకుంటుంది. వేలితో తడిమితే గుచ్చుకుంటుంది, అందుకే గుడ్డ. గోరుతోనో చిన్న పట్టకారుతోనో లోపలినుంచి బయటికి తోసి తీసేయండి.

కొత్త ట్యూబు గుండ్రంగా నిలబడేంత గాలి పెట్టి లోపల అమర్చి, అంచును బొటనవేళ్లతో లోపలికి నెట్టుకుంటూ రండి. చివరి జానెడు బిగుతుగా ఉంటుంది. అక్కడ లివరు వాడితే ట్యూబు నలిగి మళ్లీ చిల్లు పడుతుంది, వేళ్లతోనే చేయాలి. అంచు కింద ట్యూబు ఎక్కడా ఇరుక్కోలేదని చుట్టూ చూసి, అప్పుడు గాలి కొట్టండి. పిల్లలకు ఇది నచ్చినంతగా ఇంకేదీ నచ్చదు. కొన్నాళ్లకు వాళ్ల సైకిలు పంక్చరు వాళ్లే వేసుకుంటారు.

ఏ దారిన పోవాలి

మొదటి నెలలకు చంద్రగిరి దారికి మించింది లేదు. తిరుపతి నుంచి శ్రీనివాసమంగాపురం పన్నెండు కిలోమీటర్లు, అక్కడినుంచి చంద్రగిరి దగ్గరే. దారిలో పెద్ద ఎత్తుపల్లాలు లేవు, పొద్దున్నే ఇడ్లీ దొరుకుతుంది. విజయనగర రాజులకు ఒకప్పుడు రాజధాని అయిన కోట, రాజమహలు కొండ నీడలో కనిపిస్తాయి. కాళ్లు కుదిరాక రంగంపేట మీదుగా కల్యాణి డ్యాము వైపు పొండి. తిరుపతికి తాగునీళ్లిచ్చే డ్యాము అది. దారి మెల్లగా ఎక్కుతూ పోతుంది కాబట్టి తిరుగు ప్రయాణం హాయి. దాన్ని దాటి భాకరాపేట ఘాట్లోకి మాత్రం దిగొద్దు. మలుపులు ఎక్కువ, వచ్చే బస్సుకు మీరు కనబడరు.

ఇంకో వైపు తొక్కాలనిపిస్తే అప్పలాయగుంట ఉంది. ప్రసన్న వేంకటేశ్వరుడి గుడి, చుట్టూ పొలాలు, మామిడితోటలు. తిరుచానూరు ఐదే కిలోమీటర్లు, వారం మధ్యలో చిన్న రైడుకు పనికొస్తుంది. శ్రీకాళహస్తి నలభై కిలోమీటర్లకు కొంచెం తక్కువ. రేణిగుంట, ఏర్పేడు మీదుగా లారీల రద్దీ ఉంటుంది, కాబట్టి అలవాటు పడ్డాకే. తిరుమల ఘాట్ రోడ్డును సైకిలు సాధనకు వాడుకోవాలనే ఆలోచన నాకు నచ్చదు. అది భక్తుల దారి, వాహనం వెనక వాహనం పోతూనే ఉంటుంది. ఎత్తు ఎక్కడం నేర్చుకోవాలంటే కపిలతీర్థం నుంచి అలిపిరి దాకా ఉన్న వాలు చాలు. అదే పనిగా నాలుగైదు సార్లు ఎక్కి దిగితే తొడలు చెప్తాయి.

అలిపిరి నుంచి జూపార్కు మీదుగా చెర్లోపల్లి పోయే రోడ్డు అందంగా ఉంటుంది. ఒకవైపు శేషాచలం అడవి. అందుకే ఆ రోడ్డు పూర్తిగా వెలుగు వచ్చాకే, అదీ తోడుతోనే. ఆ వైపు చిరుతలు తిరుగుతాయన్నది ఊళ్లో అందరికీ తెలిసిందే. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక పాప చిరుతకు బలైంది. చీకట్లో ఒంటరిగా అటు పోవడం ధైర్యం అనిపించుకోదు.

చిరుతల కన్నా రోజూ ఎదురయ్యే ప్రమాదం వేరే ఉంది. బెంగళూరు, చెన్నై, హైదరాబాదుల నుంచి రాత్రంతా నడుపుకుంటూ వచ్చే యాత్రికుల కార్లు తెల్లవారుజామునే ఊళ్లోకి చేరతాయి. డ్రైవరు కళ్లలో నిద్ర ఉంటుంది, చూపు బోర్డుల మీద ఉంటుంది. ఎడమ అంచున పోండి, వెనక లైటు తెల్లారాక కూడా వెలుగుతూనే ఉండనివ్వండి, కూడళ్ల దగ్గర వాళ్లు మిమ్మల్ని చూశారని నమ్మకం కుదిరేదాకా ముందుకు పోవద్దు. చెవిలో పాటలు వద్దు. బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి అలిపిరి వైపే పోకండి. వీధికుక్కలు వెంటబడితే వేగం పెంచకుండా దిగి, సైకిలును మీకూ వాటికీ మధ్య అడ్డం పెట్టుకుని నడవండి. పరుగు కనబడకపోతే వాటికీ ఆసక్తి పోతుంది.

మార్చి నుంచి జూన్ దాకా ఏడున్నరకల్లా ఇంట్లో ఉండాలి. మే నెలలో ఆరుకు ముందే తెల్లారుతుంది కాబట్టి కుదురుతుంది. జనవరిలో సూర్యుడు వచ్చేది ఆరున్నర దాటాక, కాబట్టి ఒప్పందం కూడా కాలాన్ని బట్టి జరపండి. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాల వాన. ఆ నెలల్లో వాగులు దాటే పల్లెదారులు మానుకుని ఊరి చుట్టే తొక్కండి. గంటకు అర లీటరుకు పైగా నీళ్లు తాగాలి, ఎండాకాలం ఇంకా ఎక్కువ, అందులో చిటికెడు ఉప్పు. జేబులో రెండు అరటిపండ్లు, చెనిక్కాయల బెల్లం ముద్దలు పెట్టుకోండి. తొక్కేటప్పుడు శక్తికోసం తినే, ప్యాకెట్లలో వచ్చే జెల్లులకు పెట్టే డబ్బు ఇంట్లో ఇంకో పనికి వస్తుంది.

అల్లం తోడు

ఇప్పుడు వంటింట్లోకి. పెరుగుకు తోడు ఉన్నట్టే అల్లం సోడాకూ ఒక తోడు కావాలి. అల్లం తొక్క మీద ఉండే ఈస్టు, లాక్టిక్ బ్యాక్టీరియా చక్కెర తిని పెరిగితే అదే తోడు.

అర లీటరు పైన పట్టే గాజు సీసాను వేడినీళ్లతో బాగా కడిగి ఆరబెట్టండి. కార్పొరేషన్ నీళ్లలోని క్లోరిన్ ఈస్టుకు పడదు, అందుకని మరిగించి చల్లార్చిన నీళ్లు 400 మిల్లీలీటర్లు పోయండి. మట్టి పోయేట్టు కడిగి, తొక్కతోనే సన్నగా తరిగిన అల్లం రెండు టీస్పూన్లు, చక్కెర రెండు టీస్పూన్లు వేసి కలిపి, పల్చటి గుడ్డ కట్టండి. రోజుకోసారి ఒక టీస్పూను అల్లం, ఒక టీస్పూను చక్కెర వేసి కలుపుతూ ఉండండి. మన వేడికి రెండో రోజో మూడో రోజో గరిటె పెట్టగానే చిన్న చిన్న బుడగలు పైకి లేస్తాయి. అల్లం ముక్కలు నీళ్లలో తేలతాయి. వాసన అల్లం ఘాటుతో పాటు కొంచెం పుల్లగా, తాజాగా ఉంటుంది. చలికాలంలో అయిదు రోజులు కూడా పట్టొచ్చు.

పైన పల్చటి తెల్లపొర కడితే తీసేసి, వాసన బాగుంటే కొనసాగించండి. నూగులాంటి బూజు, పచ్చగానో నల్లగానో ఏ కొంచెం కనిపించినా మొత్తం పారబోయండి, పైది తీసి కింది నీళ్లు వాడొద్దు. అనుమానం వస్తే మీ అమ్మగారినో అత్తగారినో వాసన చూడమనండి. దోసెల పిండి ఎన్ని గంటలకు పులుస్తుందో కాలాన్ని బట్టి చెప్పగలిగిన వాళ్లు వాళ్లు. ఈ హాబీలో మీ మొదటి గురువులు ఇంట్లోనే ఉన్నారు.

సోడా కట్టడం

రెండు లీటర్ల సోడాకు లెక్క ఇది. 100 గ్రాముల అల్లం కచ్చాపచ్చాగా దంచి, రెండు లీటర్ల పైచిలుకు నీళ్లలో పావుగంట సన్నటి మంట మీద మరగనివ్వండి. వడగట్టి, అందులో 15 గ్రాముల చక్కెర కరిగించండి. చెయ్యి పెడితే వేడి తెలియనంతగా, అంటే 35 డిగ్రీల కిందికి, చల్లారాక రెండు నిమ్మకాయల రసం, వడగట్టిన తోడు 100 మిల్లీలీటర్లు కలపండి. వేడిగా ఉండగా తోడు పోస్తే ఈస్టు చచ్చిపోతుంది.

ఆ 15 గ్రాముల దగ్గర ఆగండి. చాలామంది తాగడానికి ఎంత తీపి కావాలో అంతా సీసాలోనే పోస్తారు, ప్రమాదమంతా అక్కడే. ఒక గ్రాము చక్కెర పూర్తిగా పులిస్తే దాదాపు అర గ్రాము కార్బన్ డయాక్సైడ్, ఇంచుమించు అంతే ఆల్కహాలు పుడతాయి. లీటరుకు ఏడెనిమిది గ్రాముల చక్కెర వేస్తే నాలుక మీద చిటపటలాడే గ్యాసు వస్తుంది, ఆల్కహాలు అర శాతం దగ్గరే ఆగిపోతుంది. లీటరుకు 70, 80 గ్రాములు వేసి మర్చిపోయారనుకోండి, సీసా తట్టుకోలేనంత గ్యాసు పడుతుంది, ఆల్కహాలూ పెరుగుతుంది. కాబట్టి తీపి గ్లాసులో కలుపుకోవాలి. తాగేముందు నన్నారి షర్బత్తు రెండు చెంచాలో, చిత్తూరు బెల్లం పాకమో వేసుకుంటే సరి. చక్కెర కొలవడానికి చిన్న డిజిటల్ త్రాసు వాడండి, చెంచా లెక్క నమ్మొద్దు.

సీసాలు కూల్‌డ్రింకులు వచ్చే ప్లాస్టిక్ సీసాలే కావాలి. అవి గ్యాసు తట్టుకునేట్టు చేసినవి, పైగా లోపల ఎంత బిగిసిందో చేత్తో నొక్కి తెలుసుకోవచ్చు. గాజు సీసాల్లో బిగించొద్దు. పగిలితే పెంకులు వంటిల్లంతా పోతాయి, ఇంట్లో పిల్లలున్నారు. సీసాలో పైన రెండు వేళ్ల ఖాళీ వదిలి మూత బిగించి, ఎండ తగలని మూల పెట్టండి. మూత పెట్టిన రాత్రి సీసా నొక్కితే లొత్తపడుతుంది. పన్నెండు గంటలకు కొంచెం ఎదురు తిరుగుతుంది. పద్దెనిమిది, ఇరవైనాలుగు గంటలకు బొటనవేలితో గట్టిగా నొక్కినా దిగదు, అడుగు కొద్దిగా ఉబ్బినట్టు నిలబడుతుంది. అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్‌లో పులియడం బాగా నెమ్మదిస్తుంది గానీ పూర్తిగా ఆగదు, నాలుగైదు రోజుల్లో తాగేయండి. మూత ఒక్కసారిగా తీయకుండా, కొంచెం కొంచెం తిప్పుతూ గ్యాసు వదిలించి తీయండి.

ఇందులో ఆల్కహాలు బొత్తిగా లేదని మాత్రం ఎవరికీ చెప్పకండి. చిన్న పిల్లలకు, గర్భిణులకు, నియమంగా ముట్టనివాళ్లకు అదే అల్లం కషాయాన్ని పులియబెట్టకుండా చల్లార్చి, నిమ్మకాయ, నన్నారి కలిపి అంగడి సోడాతో ఇవ్వండి. పిల్లల గ్లాసులోనూ బుడగలు ఉంటే చాలు, వాళ్లకు అదే పండగ.

రైడు తర్వాత అంబలి

అంబలికి ఇన్ని జాగ్రత్తలు అక్కర్లేదు. శనివారం రాత్రి నలుగురికి అర కప్పు రాగిపిండి రెండు కప్పుల నీళ్లలో ఉండల్లేకుండా కలిపి మూత పెట్టండి. పొద్దున్నే లేచేసరికి పైన తేట, కింద పిండి, ముక్కుకు తగిలే పులుపు. మీరు షూ లేసులు కట్టుకునేలోగా పొయ్యి మీద నాలుగు కప్పుల నీళ్లు మరుగుతుంటాయి. అందులో పిండిని పోసి, అడుగంటకుండా ఏడెనిమిది నిమిషాలు తిప్పి, చిక్కబడి మెరుపు వచ్చాక దించి వెళ్లిపోండి. తిరిగొచ్చేసరికి చల్లారి ఉంటుంది. ఉప్పు, మజ్జిగ పోసి చిలికి, ఎర్రగడ్డ ముక్కలు, పచ్చిమిరపకాయ వేసుకుంటే ఆ చెమటకు అంతకన్నా హాయి ఇంకొకటి లేదు. ఉప్పూ నీళ్లూ పిండిపదార్థమూ ఒకే గ్లాసులో దొరుకుతాయి. ఇల్లంతటికీ కాచండి. ఆదివారం టిఫిను పని మీరు చేసి వెళ్లారన్నది ఇంట్లోవాళ్లకు గుర్తుంటుంది.

వారం ఇలా నడుస్తుంది

తోడు సీసా మామూలు రోజుల్లో ఫ్రిజ్‌లో ఉంటుంది. శుక్రవారం రాత్రి బయటికి తీసి ఒక టీస్పూను అల్లం, ఒక టీస్పూను చక్కెర వేయండి. శనివారం సాయంత్రానికి ఆ చక్కెర చాలామటుకు తినేసి బుడగలు తేలుతూ ఉంటుంది. ఆ సాయంత్రమే కషాయం కాచి, రాత్రి తొమ్మిదికి సీసాలు నింపి, వాడిన తోడుకు బదులు అన్ని నీళ్లు, కొంచెం చక్కెర, అల్లం వేసి రెండు గంటలాగి మళ్లీ ఫ్రిజ్‌లోకి. అదే చేత్తో రాగిపిండి నానబెట్టి, టైర్లలో గాలి చూసి, బాటిళ్లు నింపి, బట్టలు వాకిలి దగ్గర పెట్టుకోండి. తెల్లవారుజామున బీరువా తలుపు చప్పుడుకు ఇల్లంతా లేవకూడదు.

ఆదివారం రైడు, అంబలి. వచ్చాక సీసా నొక్కి చూడటం పిల్లల పని. సాయంత్రం లోపల గట్టిపడితే ఫ్రిజ్. ఆదివారం రాత్రి ఊరిబిండి, సంగటి తిన్నాక తలా ఒక గ్లాసు, పిల్లలకు వాళ్ల సోడా. బుధవారమో గురువారమో తిరుచానూరు దాకా గంటసేపు చిన్న రైడు. రైడు అయ్యాక గుడ్డతో చైను తుడిచి, రెండు వారాలకోసారి ఒక్కో లింకుకు ఒక్కో చుక్క నూనె వేసి, మిగిలింది తుడిచేయండి. నూనె కారుతూ ఉంటే మన దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

నెలకోసారి ఇంట్లోవాళ్లను మీ దారిలోకి తీసుకురండి. మీరు ముందుగా చంద్రగిరికి తొక్కుకుంటూ పొండి, వాళ్లు తీరిగ్గా ఆటోలోనో కారులోనో వస్తారు. కోటలో పిల్లలు తిరుగుతారు. రాజమహలు మ్యూజియం శుక్రవారం మూస్తారు, ఆదివారం ఇబ్బంది లేదు. పెద్దవాళ్లుంటే శ్రీనివాసమంగాపురంలో దర్శనం చేసుకుని అక్కడే కలవొచ్చు.

పరీక్షల నెల వస్తుంది, ఇంట్లో ఒకరికి జ్వరం వస్తుంది, చుట్టాలు దర్శనానికి దిగి వారం ఉంటారు. తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు చుట్టాల లోటు ఉండదు. అలాంటప్పుడు రెండు పనులే చేయండి. సైకిలును నీడలో పెట్టి, టైర్లలో సగం గాలైనా ఉండేట్టు చూడండి. పూర్తిగా దిగిన టైరు మీద నిలబెడితే పక్కలు పగులుతాయి. తోడుకు పది రోజులకోసారి ఒక టీస్పూను చక్కెర వేసి ఫ్రిజ్‌లోనే ఉంచండి. నెల తర్వాత తీస్తే అడుగున తెల్లటి మడ్డి, పైన స్తబ్ధుగా నీళ్లు కనిపిస్తాయి. సగం పారబోసి, కొత్త నీళ్లు, కొత్త అల్లం, చక్కెర వేసి బయట పెట్టండి. రెండు రోజుల్లో బుడగలు రాకపోతే మొత్తం తీసేసి కొత్తగా మొదలుపెట్టుకోండి, అల్లం ఎంతసేపూ అంగట్లోనే ఉంది.